ఫోన్‌లో పోగుపడిన మూడు వందల ఫొటోలు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. నాలుగు నెలల్లో పెళ్లి. నిరాడంబరంగా చేసుకుందామని మొదట్లో ఇద్దరమూ అనుకున్నాం. ఇప్పుడు నా ఫోన్‌లో పెళ్లి అలంకరణల ఫొటోలే మూడు వందలు దాటాయి. మొన్న రాత్రి వేదిక వెనుక పూల రంగు గురించి మాటామాటా పెరిగి, కాబోయే భర్త ఫోన్ పెట్టేశారు. అప్పు చేద్దామా అన్నంత వరకూ వచ్చాం. తగ్గించుకుంటే తర్వాత బాధపడతానేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఒకప్పుడు పోలిక తెలిసినవారి పెళ్లిళ్లతోనే ఆగేది. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని వేలాది మంది తమ వేడుకల్లోంచి ఏరి చూపించే నాలుగు క్షణాలతో మీ పెళ్లి మొత్తాన్ని పోల్చుకోవలసి వస్తోంది. వాటి వెనుక జరిగిన తగవులు, మిగిలిన బాకీలు ఏ ఫొటోలోనూ కనిపించవు. పైగా తప్పనిసరి అనిపించే వాటిలో కొన్ని వ్యాపారం పెంచి పోషించినవే. వజ్రం ఎప్పటికీ నిలిచేదని చాటే, వజ్రాల వ్యాపార సంస్థ డీ బీర్స్ ప్రకటన వాక్యం 1947లో పుట్టింది. వజ్రపుటుంగరం లేనిదే నిశ్చితార్థం కాదన్న భావన అనేక దేశాల్లో పాతుకుపోవడానికి అటువంటి ప్రచారమే ఎంతో తోడ్పడింది.

ఆండ్రూ ఫ్రాన్సిస్, హ్యూగో మియాలన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు అమెరికాలో మూడు వేల మందికి పైగా వివాహితుల వివరాలు సేకరించి 2014లో ఒక అధ్యయనం వెలువరించారు. పెళ్లి ఖర్చు బాగా ఎక్కువైన చోట వివాహాలు తక్కువ కాలం నిలిచే ధోరణి, పెళ్లికి ఎక్కువ మంది వచ్చిన చోట ఎక్కువ కాలం నిలిచే ధోరణి వారికి కనిపించాయి. ఖర్చే కాపురాన్ని చెడగొడుతుందని దీనికి అర్థం కాదు. అయినా కోత పెట్టవలసి వస్తే అలంకరణలోనే పెట్టండి, మీ మనుషుల్ని పిలవడంలో వద్దు.

అప్పు మాట ఖాయం చేసుకునే ముందు, అది ఎవరి జీతంలోంచి, ఎన్ని నెలల్లో తీరుతుందో ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. అందంగా చేసుకోవాలనుకోవడం తప్పని నేననను. ఆ కోరిక మీదే అయితే దానికి చోటివ్వండి. ఆ మూడు వందల ఫొటోలూ మరోసారి చూసి, కెమెరా అన్నదే లేకపోయినా మీకు కావాలనిపించేవి మాత్రం ఉంచుకోండి. తర్వాత ఆయనకు మీరే ఫోన్ చేయండి. పూల సంగతి ఎత్తకుండా, ఆ రాత్రి ఆయనను నొప్పించిన మాట ఏదో ముందు అడగండి.