ఆల్‌స్టార్ జట్టు, సీజన్ ఉత్తమ జట్టు ఒకటేనా?

తిరుపతిలో కాలేజీల బాస్కెట్‌బాల్ లీగ్‌కి ఏటా ఆల్‌స్టార్ జట్టు ఎలా ఎంచుకోవాలని అడిగారు. ముందు తెలియాల్సింది, ఆల్‌స్టార్ జట్టు, సీజన్ ఉత్తమ జట్టు రెండూ వేర్వేరు గౌరవాలు. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆల్‌స్టార్ మ్యాచ్ 1951లో మొదలైంది, ఇప్పుడు సీజన్ మధ్యలో ఫిబ్రవరిలో జరుగుతుంది. మొదట దిగే ఆటగాళ్ల ఎంపికలో అభిమానుల ఓటుకు 50 శాతం విలువ, తోటి ఆటగాళ్లకు, మీడియాకు చెరి 25 శాతం, మిగతావాళ్లను కోచ్‌లు ఎంచుతారు. సీజన్ ఉత్తమ జట్లు, అంటే ఆల్ ఎన్‌బీఏ జట్లు, అలా కాదు. రెగ్యులర్ సీజన్ మొత్తం చూసి మీడియావాళ్లే ఓటేస్తారు, ఐదుగురేసి మూడు జట్లు. 2023-24 నుంచి గార్డు, ఫార్వర్డు, సెంటరు అని ఆడే స్థానాల వారీగా ఎంచే లెక్క తీసేశారు, కానీ మామూలుగా 65 మ్యాచ్‌లైనా ఆడి ఉండాలి.

మీకు ఈ రెండోదే నయం. అభిమానుల ఓటు పెడితే ఎక్కువ మంది స్టూడెంట్స్ ఉన్న కాలేజీ వాట్సాప్ గ్రూపులే గెలుస్తాయి, చిత్తూరు నుంచో శ్రీకాళహస్తి నుంచో వచ్చిన చిన్న జట్టులో అద్భుతంగా ఆడే అమ్మాయికి అన్యాయం జరుగుతుంది. ఓటు కోచ్‌లకివ్వండి, సొంత జట్టుకు వేయకూడదని గట్టిగా చెప్పండి. పాయింట్లొక్కటే చూడొద్దు. రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), అసిస్టులు (బాస్కెట్‌కు దారితీసిన పాసులు) మామూలు స్కోర్‌షీట్‌లో ఉండవు కాబట్టి మొదటి మ్యాచ్ నుంచే వాటిని రాయడానికి ఒకరిని కూర్చోబెట్టండి.