నుదురు పెద్దదైతే తెలివి ఎక్కువా?

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయికి వచ్చిన సంబంధంలో అబ్బాయి నుదురు చూసి మా అత్తగారు "బుర్రున్న పిల్లాడు" అని తేల్చేశారు. తలకాయ తడిమి గుణం చెప్పే శాస్త్రం యూరప్‌లో ఒకటుండేదని మావాడంటాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఉండేదమ్మా, ఫ్రెనాలజీ అని. వియన్నా డాక్టరు ఫ్రాంజ్ జోసెఫ్ గాల్ 1796 ప్రాంతంలో మొదలెట్టాడు. బళ్లో బాగా బట్టీపట్టే పిల్లలకి కళ్లు ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయని చిన్నప్పుడే గమనించాడట, అక్కణ్ణుంచి అల్లుకుపోయాడు. మెదడును 27 శక్తులకు పంచిపెట్టి, ఏది ఎక్కువైతే అక్కడ పుర్రె ఉబ్బుతుందన్నాడు.

ఒంగోల్లో జువాలజీ చెప్పే రోజుల్లో పిల్లల చేతికి పుర్రె ఇచ్చేవాణ్ణి. కనుబొమల పైన ఎముక రెండు పొరలు, మధ్యలో గాలి గది. జలుబు చేస్తే బరువెక్కేది అదే. ఫ్రెనాలజీ వాళ్లు రంగుల జ్ఞానాన్ని, పొందికను సరిగ్గా ఆ కనుబొమల వరుసలోనే పెట్టారు! ఉబ్బింది గాలి గదైతే మెదడుకేం సంబంధం?

అయినా గాల్‌ని పూర్తిగా కొట్టిపారేయను. మనసుకి చోటు మెదడేనని, అందులో ఏ భాగం పని దానిదేనని గట్టిగా వాదించినవాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్లూరెన్స్ పావురాల మెదళ్లు కోసి చూసి, పెద్దమెదడులో అలా భాగాల పంపకమేం లేదన్నాడు. కానీ 1861లో మాట పడిపోయిన ఒక రోగి చనిపోయాక ఫ్రెంచి డాక్టరు బ్రోకా అతని మెదడు తెరిస్తే, దెబ్బతిన్నది ఎడమవైపు ముందుభాగం. అంటే మాటకి మెదడులో ఒక చోటుందన్నమాట, అంతవరకు గాల్ వాదనే నిలిచింది. నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఈ పుర్రె లెక్కలతోనే తెల్లవాళ్లు మిగతా జాతుల్ని తక్కువని రాసుకున్నారు.

అబ్బాయి సంగతంటారా, కూర్చోబెట్టి అరగంట మాట్లాడించండి. అప్పుల సంగతి కూడా అడగండి.