వెడల్పు టైరు సంగతి తర్వాత, ముందు ఆ నాలుగంకెలు చదవండి

మీ ప్రశ్న చూశాను. పల్సర్ 150 మీద రోజూ ఆఫీసుకి వెళ్తారు, నెలకోసారి హైదరాబాద్ నుంచి సూర్యాపేట దగ్గర మీ ఊరికి వెళ్తారు. చేతిలో పదిహేను వేలున్నాయి. వెనక 120 సైజు వెడల్పు టైరు వేయించి, మిగిలిన డబ్బుతో హెల్మెట్ కొందామనుకుంటున్నారు. ఏ బ్రాండ్ మంచిది, ఇంట్లో ఉన్న కారుకి ఏం చూసుకోవాలి అని అడిగారు.

బ్రాండ్ సంగతి చివర్లో చెప్తాను, అది రెండు ముక్కల్లో తేలిపోతుంది. మీ ప్రశ్నలో ముందు టైరు ఊసే లేదు, నాకు కంగారు పుట్టించింది అదే. ఒకప్పుడు నేనూ అంతే. వెనక టైరు లావుగా ఉంటే బండి అందంగా కనిపిస్తుంది, అందుకని అందరి కళ్లూ దానిమీదే. కానీ బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందుకు వస్తుంది, బండిని ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. వెనక టైరు కాస్త జారినా సర్దుకోవచ్చు. ముందు టైరు జారితే అనుకునేలోపే కింద ఉంటాం.

నా కథ చెప్తాను. 2021లో సెకండ్ హ్యాండ్‌లో పల్సర్ కొన్నాను. తిరిగింది పదకొండు వేల కిలోమీటర్లే. అమ్మినాయన టైరు గాడిలో రూపాయి బిళ్ల గుచ్చి మరీ చూపించాడు, "చూడండి సార్, కొత్త టైరులాగే ఉంది" అని. నిజమే, అరుగుదల లేదు. ఆ ఏడు రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగిలాయో లేదో కానీ, నా టైరు పక్క గోడల మీద మాత్రం వెంట్రుకల్లాంటి పగుళ్లున్నాయి. చూశాను, పట్టించుకోలేదు. మృగశిర కార్తె రాగానే మొదటి చినుకులు పడ్డాయి. చౌటుప్పల్ దాటాక టీ తాగుదామని సర్వీసు రోడ్డులోకి దిగబోతూ ముందు బ్రేక్ నొక్కాను. గట్టిగా కూడా కాదు. వేగం నలభై ఉంటుందేమో. హ్యాండిల్ చేతిలోంచి ఎవరో లాక్కున్నట్టయింది, అంతే.

తర్వాత మెకానిక్ టైరు పక్కన వేలుపెట్టి చూపించాడు: 0814. అంటే 2014లో ఎనిమిదో వారంలో తయారైంది. నేను పడేనాటికి దానికి ఏడేళ్లు. బండి ఎక్కువ కాలం షెడ్డులో నిలబడి ఉందన్నమాట. టైరు అరగకపోయినా గాలి, ఎండ తగిలి రబ్బరు గట్టిపడుతుంది. గోరుతో నొక్కితే దిగదు. పొడి రోడ్డు మీద ఏ తేడా తెలియదు. మొదటి వానకి రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము కలిసి జిగటయినప్పుడు దాని అసలు రంగు బయటపడుతుంది. గంట గట్టి వాన కురిస్తే రోడ్డు కడిగినట్టవుతుంది. ఆ మొదటి పావుగంట చినుకులే ప్రమాదం.

కాబట్టి ఈ సాయంత్రం బండి దగ్గర కూర్చుని ముందు టైరు చదవండి. డాట్ అని మొదలయ్యే వరస చివర, కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఒక్కోసారి ఇవి టైరుకి ఒక వైపే ఉంటాయి, కనపడకపోతే రెండో వైపు చూడండి. ఐదేళ్లు దాటాక ఏడాదికోసారి నిపుణుడికి చూపించమని, పదేళ్లకి వాడకపోయినా తీసేయమని టైరు కంపెనీలు చెప్తాయి. మన ఎండల్లో పార్కింగ్‌లో ఎండిపోయే బండికి నేను ఆరేళ్లకే గీత గీసుకున్నాను. ఇది నా లెక్క, రూలు కాదు.

అరుగుదల చూడాలంటే గాడి లోపల అడ్డంగా చిన్న రబ్బరు గట్లుంటాయి. అవి ఎక్కడున్నాయో చెప్పడానికి టైరు అంచున టీడబ్ల్యూఐ అని అక్షరాలో, చిన్న త్రిభుజమో ఉంటుంది. పైభాగం అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం బైకుకి కనీసం 0.8 మిల్లీమీటర్లు, కారుకి 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. అంతవరకూ ఆగకండి, వానాకాలంలో అయితే అస్సలు వద్దు.

కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఇదే చదువు. నాన్న కారుకి టైర్లు వేయించినప్పుడు, ఊళ్లో ఒక షాపాయన మంచి డిస్కౌంట్ ఇస్తానన్నాడు. చూస్తే మూడేళ్ల కిందటి సరుకు. "వాడలేదు కదండీ, కొత్తదే కదా" అంటాడు. ఆరునెలల లోపుదైతే కళ్లు మూసుకుని తీసుకోండి, ఏడాది వరకూ ఫర్వాలేదు, అంతకు మించితే వేరే షాపు చూసుకోండి. బిగించకముందే చూడాలి, రిమ్ముకి ఎక్కించాక వాదన పనికిరాదు. సెకండ్ హ్యాండ్ టైర్ల జోలికి మాత్రం పోవద్దు. నున్నగా అరిగిన టైరుకి వేడి కత్తితో మళ్లీ గాడులు కోసి, నల్ల పాలిష్ పూసి అమ్మేవాళ్లున్నారు. కోసిన చోట లోపల మిగిలేది పలచటి పొర.

ఇక మీ 120 సైజు. నా వెనక టైరు మీద 100/90-17 55పి అని ఉంటుంది. వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, రిమ్ము 17 అంగుళాలు. 55 అంటే ఆ టైరు 218 కిలోల బరువు మోస్తుంది, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం వరకూ తట్టుకుంటుంది. పల్సర్ 150లోనే ముందూ వెనకా డిస్క్ బ్రేకులున్న మోడల్‌కి 120/80-17 వస్తుంది కదా అంటారు. నిజమే, కానీ దాని రిమ్ము కూడా అందుకు తగ్గ వెడల్పుది. సన్న రిమ్ముకి లావు టైరు వేస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి నడుమ ఉబ్బుతుంది. రోడ్డుకి ఆనే భాగం పెరక్కపోగా తగ్గుతుంది, మలుపులో బండి వంచేటప్పుడు తేడా కొడుతుంది, మైలేజీ పడిపోతుంది. మా కజిన్ ఒకడు వేయించాడు, రెండు నెలలకి చైను కవరుకి రాసుకుంటోందని మళ్లీ పాతది పెట్టించాడు. మీ మాన్యువల్‌లో ఉన్న సైజే వేయించండి. ఆ మిగిలిన డబ్బు ముందు టైరుకి పెట్టండి.

బిగించాక మూడు విషయాలు చూసుకోండి. టైరు మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపే ఉండాలి (నాకు ఒకసారి తిరగేసి బిగించారు, ఇంటికొచ్చాక చూశాను). ట్యూబ్‌లెస్ అయితే వాల్వు కూడా కొత్తది వేయించండి, దాని ఖరీదెంతో లేదు. మొదటి నూటయాభై కిలోమీటర్లు మెల్లగా నడపండి, కొత్త టైరు పైపొర నునుపుగా ఉంటుంది.

గాలి గురించి మన వాళ్లకి ఒక నమ్మకం ఉంది: ఎండాకాలం గాలి తక్కువ పెట్టించాలి, లేకపోతే టైరు పేలుతుందని. సరిగ్గా ఉల్టా. గాలి తక్కువైతే టైరు పక్క గోడలు ప్రతి చుట్టులోనూ ఎక్కువ వంగుతాయి, ఆ వంగడంలోనే వేడి పుడుతుంది, పేలేది ఆ వేడికి. కంపెనీ చెప్పిన అంకె చల్లటి టైరుకి. ఎండలో యాభై కిలోమీటర్లు నడిపాక నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపించినా దాన్ని తీసేయకండి. బంకులో మీటర్లు ఒక్కోచోట ఒక్కో లెక్క చెప్తాయి, అందుకే నేను నాలుగొందలు పెట్టి సొంత మీటర్ కొనుక్కున్నాను. పదిరోజులకోసారి పొద్దున్నే బండి తీయకముందు చూస్తాను. నైట్రోజన్ కోసం డబ్బులు పెట్టాలా అంటే, మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. మిగతాది మీ ఇష్టం.

ఇప్పుడు హెల్మెట్. ఆ రోజు నేను పెట్టుకున్నది గడ్డం కూడా కప్పే ఫుల్ ఫేస్. గడ్డం దగ్గర గీతలు చూసి మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. సగం హెల్మెట్ అయితే ఆ గీతలు నా దవడ మీద పడేవి. పెంకు బాగానే ఉంది, స్టిక్కర్ వేసుకుంటే సరిపోతుందన్నాడు షాపతను. ఒప్పుకోలేదు. దెబ్బని తీసుకునేది పెంకు కాదు, లోపలి థర్మాకోల్ లాంటి పొర. అది ఒక్కసారే నలుగుతుంది, నలిగింది మళ్లీ పైకి రాదు, బయటికి కనపడదు. దెబ్బ తిన్న హెల్మెట్‌ని పారేయడమే.

ఖరీదుకన్నా సైజు ముఖ్యం. కనుబొమ్మలకి అంగుళం పైన టేపు చుట్టి కొలుచుకోండి. పెట్టుకుంటే బుగ్గలు నొక్కుకుని చేప మూతిలా అవ్వాలి, కొత్తలో అలాగే ఉంటుంది, వాడుతుంటే సర్దుకుంటుంది. నుదుటి మీద ఒకేచోట గుచ్చుకుంటే మాత్రం అది మీ తల ఆకారానికి సరిపడదు. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకి లాగి చూడండి, ఊడొస్తే షాపులోనే వదిలేయండి. ఐఎస్‌ఐ గుర్తు 2021 జూన్ నుంచి తప్పనిసరి. గుర్తుతో పాటు ఐఎస్ 4151 అనే హెల్మెట్ ప్రమాణం అంకె, సీఎం/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరుని, ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో వస్తుంది. రోడ్డు పక్క మూడొందలకి దొరికేవాటి మీద కూడా ఐఎస్‌ఐ స్టిక్కర్ ఉంటుంది కాబట్టి ఈ పని చేయండి. రాత్రి ప్రయాణాలుంటే తెల్ల వైజర్ తీసుకోండి, నల్లది పగటికే.

వెనక కూర్చునేవాళ్లకి కూడా ఒకటి కొనండి. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే. పాపో బాబో ఉంటే, తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకి హెల్మెట్‌తో పాటు నడిపేవాళ్లకి కట్టే బెల్టు కూడా ఉండాలని, వేగం నలభై దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది.

హెల్మెట్ తర్వాత జాకెట్ అనుకుంటారు అందరూ. నేనైతే గ్లౌజులు అంటాను. పడేటప్పుడు ఎవరైనా చేతులే ముందు పెడతారు, అది మన చేతిలో లేదు. నా కుడి అరచెయ్యి తారురోడ్డు మీద గీసుకుపోయింది. నెలరోజులు అన్నం కలుపుకోలేకపోయాను, ముప్పై ఏళ్ల వయసులో అమ్మ ముద్దలు కలిపి పెట్టింది. అరచెయ్యి దగ్గర జారే ప్లాస్టిక్ బిళ్ల, మణికట్టు దగ్గర పట్టీ ఉన్న గ్లౌజులు తీసుకోండి. జాకెట్ కొంటే వలలా గాలి ఆడే మెష్ రకం చూడండి. తోలుది కొన్నవాళ్లు మే నెలలో ఇంట్లోనే వేలాడదీస్తారు. భుజాలు, మోచేతుల దగ్గర పెట్టే ప్యాడ్ల మీద ఈఎన్ 1621 అని (దెబ్బని తట్టుకునే ప్యాడ్లకి యూరప్ వాళ్ల ప్రమాణం) ఉండాలి, స్పాంజి ముక్కలు పెట్టి ప్యాడ్లని అమ్మేవి కూడా ఉన్నాయి.

కారు సంగతి క్లుప్తంగా. రెండు టైర్లే మారుస్తుంటే కొత్తవి వెనక వేయించండి. ఇది అందరికీ వింతగా ఉంటుంది, నాన్న కూడా షాపులో నాతో వాదించాడు. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే కారు నేరుగా పోతుంది, యాక్సిలరేటర్ వదిలితే అదుపులోకి వస్తుంది. వెనకవి జారితే కారు గిర్రున తిరుగుతుంది, దాన్ని సర్దడం మామూలు డ్రైవర్లకి చేతకాదు. స్టెప్నీ మీది నాలుగంకెలు కూడా చదవండి, మా స్టెప్నీ కారుకన్నా ముసలిది. సంక్రాంతికి ఐదుగురు ఎక్కి, ఊరి నుంచి రెండు బియ్యం బస్తాలు వేసుకొచ్చే ఇళ్లలో బరువు సూచీ కూడా చూడాలి. 185/65 ఆర్15 88హెచ్ అని ఉంటే, ఆ 88 బరువు సూచీ, అంటే ఒక్కో టైరు 560 కిలోల వరకూ మోస్తుంది. అంతకన్నా తక్కువ సూచీ ఉన్నది చవగ్గా వస్తుందని వేయించకండి.

కారులో మీరు కొనాల్సిన వేరే రక్షణ సామాను ఏమీ లేదు, ఉన్న బెల్టు వెనక సీట్లో కూడా పెట్టుకోవడమే. బెల్టు మోత రాకుండా గుచ్చే క్లిప్పుల అమ్మకాన్ని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్‌లో ఆపించింది. మా ఇంట్లో ఒకటి ఉండేది. బెల్టు లేకుండా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అదే మొహం మీద గుద్దుతుందని యూట్యూబ్‌లో వీడియో చూపించాక నాన్న దాన్ని తీసి నాకిచ్చేశాడు.

బ్రాండ్ మాట: ఎంఆర్‌ఎఫ్ మన సదాశివపేటలోనే తయారవుతుంది, అపోలో తిరుపతి జిల్లా చిన్నపండూరులో. సియట్, మిషెలిన్, టీవీఎస్ యూరోగ్రిప్ కూడా పేరున్నవే. ఈ అయిదింటిలో మీ సైజులో తాజా తేదీది ఏది దొరికితే అది తీసుకోండి.

పదిహేను వేలు నేనైతే ఇలా పెడతాను: ముందూ వెనకా టైర్లు దాదాపు నాలుగున్నర వేలు, ఫుల్ ఫేస్ హెల్మెట్ మూడు వేలు, వెనకవాళ్లకి ఒకటి పదిహేను వందలు, గ్లౌజులు పదిహేను వందలు, గాలి మీటర్ నాలుగొందలు. ధరలు ఊరిని బట్టి మారతాయి. మిగిలిన నాలుగు వేలకి మంచి జాకెట్ రాదు, ఇంకో రెండు మూడు నెలలు ఆగి కొనుక్కోండి. ముందు టైరు మీద ఏ నాలుగంకెలున్నాయో చూసి కింద రాయండి, ఈ వానాకాలానికి పనికొస్తుందో లేదో చెప్తాను.