రథసప్తమికి నాలుగు గింజలు

అమ్మడూ,

సంక్రాంతికి వచ్చినప్పుడు మా పెరట్లో చిక్కుడు పాదు కింద నిలబడి, "అత్తయ్యా, ఉప్పల్‌లో మా మేడమీద కూడా ఇలా పెంచొచ్చా?" అని అడిగావు. చుట్టాల హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ మీ మావయ్య పడుకున్నాక తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

పెంచొచ్చు, తప్పకుండా పెంచు. కాకపోతే ఉగాది వెళ్ళాక మొదలుపెడదాం అనుకుంటున్నావేమో, ఆ ఆలోచన మానుకో. చైత్రంలో మేడ పచ్చగా కనిపించాలంటే మాఘంలోనే గింజ పడాలి. ఎండలు ముదిరాక పెట్టిన మొక్క వేరు తన్నుకునేలోపే వాడిపోతుంది. రథసప్తమికి ఇంకా పది రోజులుంది. ఆ రోజు చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టాక మేడెక్కి గింజలు వెయ్యి. అక్కణ్ణుంచి ఉగాదికి యాభై రోజుల పైమాటే. బెండ సరిగ్గా ఆ లెక్కకు కాపుకొచ్చే మొక్క.

ఎక్కువ పెట్టకు. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. మేం విజయవాడలో మేడమీద వాటాలో అద్దెకున్న రోజుల్లో ఉత్సాహం కొద్దీ ఒకేసారి ముప్పై కుండీలు పెట్టాను. ఏప్రిల్లో పెళ్ళికని నాలుగు రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి సగానికి పైగా మాడిపోయాయి. మెట్లమీద కూర్చుని ఏడ్చాను ఆ రోజు. నీకు ఉద్యోగం ఉంది, చిన్న పిల్లాడున్నాడు. బెండకి నాలుగు పాత పెయింట్ డబ్బాలు, తోటకూరకి ఒక వెడల్పాటి టబ్బు, గోంగూరకి ఒకటి, బీరపాదుకి అన్నింటికన్నా పెద్ద డబ్బా ఒకటి. ఈ ఏడాదికి ఇవి చాలు. 20 లీటర్ల డబ్బాలో రెండు బెండ మొక్కలు హాయిగా బతుకుతాయి.

అడుగున చిల్లులు పెట్టించు. డబ్బాలను ఇటుకల మీద, పిట్టగోడ వెంబడి పెట్టు. తడిమట్టి చాలా బరువు, స్లాబు నడిమధ్యన గుంపుగా పెట్టకూడదు. మట్టి విషయంలో మాత్రం కక్కుర్తి పడకు. ఉత్త ఎర్రమట్టి నింపితే నాలుగు తడులకే ఇటుకలా గట్టిపడుతుంది. సగం మట్టి, మిగతా సగంలో బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, డబ్బాకి రెండు గుప్పెళ్ళ వేపపిండి. ఎరువు మాగిందో లేదో వాసన చూస్తే తెలుస్తుంది. పేడ వాసన వస్తే ఇంకా పచ్చిదే, వేర్లు కాలిపోతాయి. వాన పడ్డ నేల వాసన రావాలి.

బెండ గింజలు, బీర గింజలు రాత్రంతా నానబెట్టి వెయ్యి. ఇంకా చలి ఉంటుంది కాబట్టి మొలక రావడానికి వారం పది రోజులు పట్టొచ్చు, టెన్షన్ పడి మట్టి తవ్వి చూడకు. తోటకూర గింజలు ఆవాలకన్నా చిన్నవి. గుప్పెడు ఇసుకలో కలిపి చల్లు, లేకపోతే ఒకేచోట గుంపుగా మొలుస్తాయి. చీమలు మోసుకుపోకుండా పైన పలచగా మట్టి కప్పు. ఆ టబ్బు బాబుకిచ్చెయ్యి. నెల తిరక్కుండానే కోతకొస్తుంది. వాడు పెంచిన తోటకూర పప్పులో పడితే వాడు అన్నం ఎలా తింటాడో నువ్వే చూద్దువుగాని.

టమాటా పెట్టాలని నీకు మనసు లాగుతుంది. ఇప్పుడొద్దు. నర్సరీలో నారు నిగనిగలాడుతూ కనిపించినా తెచ్చుకోకు. అది పూతకొచ్చేసరికి ఎండ 35 డిగ్రీలు దాటుతుంది, పూలన్నీ రాలిపోతాయి. కొత్తిమీర, పాలకూర కూడా ఎండలు ముదిరితే ఆకు వెయ్యకుండా పువ్వుకొచ్చేస్తాయి. వాటిని చలికాలానికి ఉంచుకో.

ఇక బీరపాదు. నాకు అన్నింటిలోకీ ఇష్టమైంది ఇదే. నాలుగు వెదురు కర్రలు పాతి, పైన కొబ్బరితాడు అల్లితే చాలు, తీగ దారి అదే వెతుక్కుంటుంది. మొదట పూసేవన్నీ మగపూలే, రాలిపోతున్నాయని కంగారుపడకు. తర్వాత ఒకరోజు ఆకు పక్కన, పువ్వు కింద చిటికెన వేలంత పిందెతో ఒక మొగ్గ కనిపిస్తుంది. అది ఆడపువ్వు. గుమ్మడి, దోస పొద్దున్నే పూస్తాయి. బీర మాత్రం పొద్దు వాలాక విచ్చుకుంటుంది. నువ్వు ఆఫీసు నుంచి వచ్చే వేళకే అనుకో. చుట్టూ మసకపడుతుంటే ఆ పసుపు పూలు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి, సన్నగా ఒక వాసన వస్తుంది. ఊళ్ళో అయితే పురుగులు, తేనెటీగలు వచ్చి పని చేసిపెడతాయి. పట్నంలో మేడమీదికి అవి సరిగ్గా రావు. నువ్వే ఒక మగపువ్వు తుంచి, రేకలు వెనక్కి వంచి, మధ్యలో ఉన్న పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దు. రెండుమూడు రోజుల్లో పిందె లావెక్కి కిందికి వాలితే నిలబడినట్టు. పసుపు తిరిగితే రాలిపోతుంది. నేను మొదటిసారి అద్దిన పిందె నిలబడ్డప్పుడు మీ మావయ్యని భోజనం మధ్యలో లేపి తీసుకెళ్ళి చూపించాను. ఇన్నేళ్ళయినా ఆ సంతోషం తగ్గలేదు.

ఒక్క జాగ్రత్త. బీరకాయ, సొరకాయ ఎప్పుడు కోసినా చిన్న ముక్క నాలుకకి తాకించి చూడు. చేదుంటే వండకు, కాయ మొత్తం పారేయ్. కష్టపడి పెంచాం కదా అని మొహమాటపడొద్దు, అది ఒంటికి చాలా చెడ్డది.

నీళ్ళు పొద్దున్న ఎండ రాకముందు, ఎండలు ముదిరాక సాయంత్రం కూడా. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి, పొడిగా ఉంటేనే పొయ్యి. బియ్యం కడిగిన నీళ్ళు మంచివే. తాగేనీళ్ళ ఆర్‌వో మిషను వదిలే నీళ్ళు మాత్రం పొయ్యకు, ఉప్పు పేరుకుంటుంది. మొదళ్ళలో ఎండుటాకులు పరిస్తే మట్టి చల్లగా ఉంటుంది. మార్చి సగమయ్యాక ఆకుకూరల మీద గ్రీన్ షేడ్ నెట్ కట్టించు.

పురుగుకి భయపడకు, రోజూ ఆకు తిప్పి కింద చూడు, అంతే. పిండినల్లి, తెల్లదోమ కనిపిస్తే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టు. బెండాకు ఈనెలు పసుపు రంగుకి తిరిగి వలలా కనిపిస్తే అది పల్లాకు తెగులు. మందు వెతకొద్దు, ఆ మొక్కని పీకెయ్యి. లేకపోతే తెల్లదోమ దాన్ని మిగతా మొక్కలకీ అంటిస్తుంది. బెండకాయ కొన పుటుక్కున విరిగేటప్పుడే కొయ్యి, రోజు విడిచి రోజు. ముదరనిస్తే మొక్క కాపు తగ్గిస్తుంది.

విత్తనాలు ఈ కవర్లోనే పెడుతున్నాను. బీర గింజలు మీ నానమ్మ నాటి రకం. ఆవిడ వాటిని బూడిదలో కలిపి ఎండిన సొరబుర్రలో దాచేది. ప్రతి ఏడూ తీసి వేసి, మళ్ళీ పట్టి ఇక్కడిదాకా తెచ్చాను. పాదు కాపుకొచ్చాక మంచి కాయ ఒకటి చూసి, కొయ్యకుండా తీగకే ఎండనివ్వు. ఊపితే గలగలమంటుంది, కొన దగ్గర మూతలా ఊడి గింజలు రాలతాయి. వాటిలో సగం నువ్వుంచుకుని సగం నాకు పంపు.

నీ అత్తయ్య,
తెనాలి