మెయిల్స్‌కి జవాబు లేదు, ఇంట్లో ఏం చెప్పాలి?

"మాది నంద్యాల. నాన్న కిరాణా దుకాణం నడుపుతారు. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో, బంధువుల్లో లాయర్లు ఎవరూ లేరు. వేసవిలో ఇంటర్న్‌షిప్ కోసం జనవరి నుంచి పెద్ద లా ఫర్మ్‌లకు మెయిల్స్ పెడుతున్నా. ఒక్కరూ జవాబివ్వలేదు. ఒక ఆన్‌లైన్ సంస్థ మాత్రం డబ్బు కడితే సర్టిఫికెట్ ఇస్తామంటోంది. లాయర్ల పిల్లలైన నా క్లాస్‌మేట్లు రోజుకో పోస్టు పెడుతుంటే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. 'జీతం లేని పనికి హైదరాబాద్‌లో ఉండి హాస్టల్ ఫీజు కట్టడమెందుకు, ఇంటికి వచ్చెయ్' అంటున్నారు నాన్న. చదువు అవగానే నేను జడ్జి పరీక్ష రాసేస్తానని చుట్టాలందరికీ చెప్పారు. మూడేళ్లు ప్రాక్టీసు ఉండాలన్న సంగతి ఆయనకు తెలీదు. తెలిస్తే పెళ్లి చేసేస్తారేమోనని భయం. ఏం చేయను?"
– ఒక విద్యార్థిని

అమ్మా, మెయిల్స్‌కి జవాబు రాకపోవడాన్ని మీ తెలివితేటల మీద తీర్పుగా తీసుకోకండి. పెద్ద ఫర్మ్‌లు ఇంటర్న్‌లను ఎక్కువగా నాలుగు, ఐదు సంవత్సరాల వాళ్లలోంచి తీసుకుంటాయి. నల్సార్ లాంటి జాతీయ లా విశ్వవిద్యాలయాల్లో దరఖాస్తులు పంపించే పని చూసుకోవడానికి విద్యార్థుల కమిటీలే ఉంటాయి. మీ క్లాస్‌మేట్లకు వాళ్ల నాన్నగారి ఫోను ఉంది. మీకు ఈ రెండూ లేవు. ఇది అన్యాయమే, కాదనను. అయితే మీరు ఇంతవరకు తట్టని తలుపు ఒకటుంది. అది మీ ఊళ్లోనే ఉంది.

ఈసారి నాన్నగారి మాట వినండి. వేసవికి నంద్యాల వెళ్లండి, అక్కడి కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక సీనియర్ లాయరు ఆఫీసులో చేరండి. ఇది సర్దుబాటు అనుకుంటున్నారేమో, కాదు. లాయర్ల వృత్తికి, లా చదువుకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సు వాళ్లు మొత్తం మీద కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి, మూడేళ్ల కోర్సు వాళ్లు 12 వారాలు. ఒక ఏడాదిలో ఏకధాటిగా నాలుగు వారాలు మించకూడదు. చదువు పూర్తయ్యేలోగా ఒక్కసారైనా ట్రయల్ కోర్టు, అప్పీలు కోర్టు లాయర్ల దగ్గర పనిచేసి ఉండాలని కూడా అందులోనే ఉంది. అంటే నంద్యాలలో చేసే నాలుగు వారాలు మీరు ఎలాగూ చేయాల్సినవే. హాస్టల్ ఖర్చూ మిగులుతుంది.

మే నెలలో సివిల్ కోర్టులకు సెలవులు కదా, ఏం నేర్చుకుంటానని మీకు అనుమానం రావచ్చు. క్రిమినల్ కోర్టులు నడుస్తాయి. బెయిల్ పిటిషన్లు ఎలా వేస్తారో, 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టాల కింద రిమాండు ఎలా జరుగుతుందో కళ్లారా చూడొచ్చు. ఇక సివిల్ కేసులు చూసే సీనియర్‌కు మామూలు రోజుల్లో మాట్లాడే తీరిక ఉండదు. సెలవుల్లోనే పాత ఫైళ్లు తీస్తారు, రాతకోతలు చూసుకుంటారు. ఒక ప్రామిసరీ నోటు దావానో, భాగపంపకాల దావానో తీర్పు వచ్చేసిన ఫైలు అడిగి తీసుకోండి. దావా పత్రం, జవాబు పత్రం, ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు), సాక్ష్యం, తీర్పు వరసగా చదివి, జడ్జిగారు ఆ నిర్ణయానికి ఎందుకు వచ్చారో రెండు పేజీల్లో రాసి సీనియర్‌కు చూపించండి. ఆయన దిద్దిన ఆ రెండు పేజీలే రేపు ఫర్మ్‌కు దరఖాస్తు చేసినప్పుడు మీ రాతకు నమూనా. పార్టీల పేర్లు, ఊళ్ల పేర్లు తీసేసి, సీనియర్ అనుమతితోనే పంపాలి.

చేరడానికి మెయిల్ పెట్టకండి. మనిషిని కలవండి. పొద్దున కోర్టులో కేసులు వరసగా పిలిచే కాల్ వర్క్ టైములో ఎవరినీ కదిలించొద్దు. సాయంత్రం ఆఫీసుకు వెళ్లండి, కాలేజీ ప్రిన్సిపాల్ ఇచ్చిన ఉత్తరం, ఒక పేజీ బయోడేటా చేతిలో పెట్టుకుని. "నాలుగు వారాలు వస్తాను, ఏ పని చెప్పినా చేస్తాను, డ్రాఫ్టింగ్ నేర్చుకోవాలని ఉంది" అంటే చాలు. ఆయన కాదంటే ఇంకెవరిని కలవమంటారో అక్కడే అడగండి. బార్ అసోసియేషన్‌లో అందరికీ అందరూ తెలుసు. గుమస్తాగారితో మర్యాదగా ఉండండి. ఫైలింగ్, కోర్టు ఫీజు, సర్టిఫైడ్ కాపీలు, ఇవన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నంతగా ఏ పుస్తకంలోనూ దొరకవు. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల కమిటీ ఉంటుంది. లోక్ అదాలత్ పనికి విద్యార్థులు కావాలేమో అక్కడా కనుక్కోండి.

ఆడపిల్లగా ఇంకో మాట. ఆఫీసు ఎంచుకునేముందు అక్కడ ఆడ జూనియర్లు ఉన్నారా అని చూడండి, ఉంటే వాళ్లతో విడిగా మాట్లాడండి. ఎన్ని గంటలకు వస్తారో, ఎన్నింటికి వెళ్తారో మొదటి రోజే చెప్పేయండి. పనిచోట లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం జీతం లేకుండా పనిచేసే ట్రైనీలకు కూడా వర్తిస్తుంది. చిన్న ఆఫీసైతే ఫిర్యాదు జిల్లాలోని లోకల్ కమిటీకి ఇవ్వాలి. ఆ అవసరం రాకూడదనే కోరుకుంటున్నాను, అయినా తెలిసి ఉండాలి.

ఆన్‌లైన్ సంస్థకు ఒక్క రూపాయి కట్టొద్దు. పని నేర్పేవాళ్లు సర్టిఫికెట్‌కు ధర కట్టరు. వచ్చే ఏడాది కోసం జాతీయ మానవ హక్కుల కమిషన్ లాంటి చోట్ల ఇంటర్న్‌షిప్ నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. ఫర్మ్‌లకు మాత్రం నాలుగో సంవత్సరంలో, నెలల ముందుగా, వాళ్లు చేసే పనికి దగ్గరగా ఉన్న మీ రాత ఒకటి జతచేసి పంపండి.

ఇప్పుడు అసలు సమస్యకు వస్తాను. మీ ఉత్తరంలో ఇంటర్న్‌షిప్ దిగులు కంటే నాన్నగారంటే భయమే ఎక్కువ కనిపించింది. ఆయనకు నిజం మీ నోటితోనే తెలియాలి. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఆ లెక్క బార్ కౌన్సిల్‌లో లాయరుగా తాత్కాలికంగా (ప్రొవిజనల్‌గా) పేరు నమోదైన రోజు నుంచే మొదలవుతుంది, ఆ తర్వాత లాయర్లు రాసే ఆలిండియా బార్ పరీక్ష పాసయ్యే దాకా ఆగక్కర్లేదు. జడ్జిల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలమూ కలుస్తుంది. ప్రాక్టీసు చేసినట్టు ఆ కోర్టు ప్రధాన న్యాయాధికారి సర్టిఫికెట్ గానీ, పదేళ్ల అనుభవమున్న లాయరు ఇచ్చి ఆ అధికారి ధ్రువీకరించిన సర్టిఫికెట్ గానీ కావాలి. ఇప్పుడు నంద్యాలలో సంపాదించుకునే పరిచయం అప్పుడు అక్కరకొస్తుందని నాన్నగారికి చెప్పండి.

డబ్బు సంగతీ దాచొద్దు. జూనియర్ లాయర్లకు పట్టణాల్లో నెలకు 20,000, పల్లెల్లో 15,000 రూపాయల స్టైపెండ్ ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది సూచనే, చాలా ఆఫీసుల్లో అంత రాదు. లాయరుగా పేరు నమోదుకు కట్టే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు మాత్రం జనరల్ అభ్యర్థులకు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. దుకాణం లెక్కలు రాసుకునే మనిషికి ఇలాంటి అంకెలు బాగా అర్థమవుతాయి. మొదటి రెండేళ్లు ఎంత సాయం కావాలో కాగితం మీద వేసి చూపించండి.

పెళ్లి మాట ఆయన ఎత్తేదాకా ఆగొద్దు. ముందు అమ్మతో మాట్లాడండి. తర్వాత ఇద్దరూ ఉన్నప్పుడు, దుకాణం మూసి భోజనాలయ్యాక, "డిగ్రీ అయ్యాక మూడేళ్లు ప్రాక్టీసు, ఆ తర్వాత పరీక్ష. అప్పటిదాకా సంబంధాలు చూడొద్దు" అని గడువు చెప్పి అడగండి. గడువు లేని వేడుకోలుకు పెద్దవాళ్లు భయపడతారు. ఎప్పుడు ఏం జరుగుతుందో తెలిస్తే చుట్టాలకు జవాబు చెప్పుకునే ధైర్యం వాళ్లకూ వస్తుంది. మొదటిరోజే ఒప్పుకోకపోవచ్చు. కోపంగా లేచి వెళ్లిపోతే వెనకే వాదించకండి, రెండు రోజులాగి మళ్లీ మొదలుపెట్టండి.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. రాత్రి పడుకునే ముందు క్లాస్‌మేట్ల పోస్టులు చూడటం ఈరోజు నుంచే మానేయండి. రెండు వారాలైనా నిద్ర కుదురుకోకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇక ప్రిన్సిపాల్ ఉత్తరం కోసం దరఖాస్తు ఈ వారమే ఇచ్చేయండి. సెలవులు దగ్గరపడితే కాలేజీ ఆఫీసులో సంతకం దొరకడం కష్టం.