ఖాళీ నీళ్ల బాటిల్‌ను విమానాశ్రయం చెకింగ్ దాటించవచ్చా?

మహబూబ్‌నగర్ నుంచి బయలుదేరి శంషాబాద్‌లో దుబాయ్ విమానం ఎక్కేవాళ్లు ఖాళీ స్టీలు బాటిల్‌ను చేతి సంచిలో పెట్టుకోవచ్చా అని అడిగారు. టెన్షన్ లేకుండా పెట్టుకోండి. అభ్యంతరం బాటిల్‌కు కాదు, లోపలి ద్రవానికి. 2006లో ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలను పేల్చే కుట్ర లండన్‌లో బయటపడ్డాకే ఈ పట్టింపు మొదలైంది. విదేశీ ప్రయాణాల్లో 100 మిల్లీలీటర్ల పరిమితిని సీసా సైజును బట్టే చూస్తారు. లీటరు బాటిల్ అడుగున రెండు గుక్కలున్నా ఆపేయొచ్చు. ఇంటి మజ్జిగ తెచ్చుకుంటే షాద్‌నగర్ దాటేలోపే తాగేయండి, చెకింగ్ దగ్గర పారబోయాలంటే ప్రాణం ఒప్పదు! స్టీలు ఫ్లాస్కును మూత తీసి చూపమంటే చూపండి. చెకింగ్ అయ్యాక లోపల తాగునీళ్లు పట్టుకోవచ్చు.