డేటా అనాలిసిస్ వీడియోలతో ఇంగ్లిష్ పదాలు నేర్చుకోవచ్చా? నా అనుభవం

మీ ప్రశ్న చదువుతుంటే కొన్నేళ్ల కిందటి నా పరిస్థితే కళ్లముందు కనిపించింది. డిగ్రీ దాకా తెలుగు మీడియం, బీఎస్సీ స్టాటిస్టిక్స్, ఇప్పుడు డేటా అనాలిసిస్ కోర్సు, వీడియోలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి, సగం అర్థం కావడం లేదు, ముందు వొకాబులరీ పుస్తకం కొని పదాలు బట్టీ పట్టాలా, వీడియోలే సరిపోతాయా, రోజుకు ఎంతసేపు కూర్చోవాలి అని అడిగారు. పుస్తకం వద్దండీ. వీడియోలు చాలు, కాకపోతే చూసే పద్ధతి మార్చుకోవాలి.

నాది ఒంగోలు దగ్గర పల్లె, బీకాం చదివాను. 2019లో అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ కోర్సులో చేరాను. పగలు క్లాసులో చెప్పింది రాత్రి యూట్యూబ్‌లో మళ్లీ చూసేవాణ్ణి. తెలియని పదం వచ్చిన ప్రతిసారీ వీడియో ఆపి, నోటుబుక్కులో రాసి, పక్కన తెలుగు అర్థం రాసుకునేవాణ్ణి. నెల తిరిగేసరికి పుస్తకం నిండింది, మాట్లాడదామంటే ఒక్క పదం నోటికి రాలేదు. పదాన్ని వాక్యంలోంచి పీకేసి విడిగా దాచుకున్నాను, అదీ తప్పు.

తొలి ఇంటర్వ్యూలో దెబ్బ తగిలింది. ఒక చార్ట్ చూపించారు, ఆన్‌లైన్ ఆర్డర్ల వాటా 20 శాతం నుంచి 30 శాతానికి పెరిగింది, అంతే. నేను 'ఇంక్రీజ్డ్ టు టెన్ పర్సెంట్' అన్నాను. 'అంటే తగ్గిందా?' అని అడిగారాయన. టెన్షన్‌లో నా తప్పు ఎక్కడుందో నాకే తెలియలేదు, మళ్లీ అదే మాట అన్నాను. హాస్టల్‌కి వచ్చాక వెతికితే తెలిసింది. పది పెరగడం వేరు, పదికి పెరగడం వేరు. తెలుగులో ఆ తేడా చూపించేది ఒక్క 'కి' అక్షరమే కదా, అది ఉన్నచోట ఇంగ్లిష్‌లో 'టు', లేనిచోట 'బై'. పైగా 20 నుంచి 30కి వెళ్తే అది పది శాతం పెరుగుదల కూడా కాదు, పది పర్సెంటేజ్ పాయింట్లు. శాతంలో చెప్పాలంటే యాభై శాతం పెరిగినట్టు. లెక్క నాకు వచ్చు, చెప్పడం రాలేదు.

అప్పటినుంచి వీడియోల్లో పెద్ద పెద్ద టెక్నికల్ పదాల వెంట పడటం మానేశాను. అవి ఎలాగూ వస్తాయి, తెరమీద పదిసార్లు కనిపిస్తాయి. మనకు అసలు కరువు వాటి చుట్టూ ఉండే చిన్న మాటలకే: 'టెండ్ టు' (సాధారణంగా అలా జరగడం), 'అకౌంట్ ఫర్' (మొత్తంలో ఇంత వాటా ఉండటం), 'రఫ్లీ' (సుమారుగా), 'కంపేర్డ్ టు' (దాంతో పోలిస్తే), 'డ్యూ టు' (దానివల్ల). చార్ట్ గురించి ఎవరు చెప్పినా ఇవే తిరిగి తిరిగి వస్తాయి, గీత ఎగబాకితే 'స్పైక్', కాస్త కుంగితే 'డిప్', పడుతూ లేస్తూ ఉంటే 'ఫ్లక్చుయేట్'. పదం వినిపించిన క్షణంలోనే గీత కళ్లముందు కదులుతుంది, ఇంక డిక్షనరీతో పనేముంది?

విషయం ముందే తెలిసుంటే పదం ఇంకా త్వరగా పట్టుబడుతుంది. పదో తరగతి సాంఖ్యక శాస్త్రం గుర్తుందా? అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం. అవే మీన్, మీడియన్, మోడ్. పౌనఃపున్యం అంటే ఫ్రీక్వెన్సీ, సహసంబంధం అంటే కోరిలేషన్. మనం ఇదంతా చదివే వచ్చాం, వాటి ఇంగ్లిష్ పేర్లు తెలియక ఏమీ రానివాళ్లలా కూర్చుంటున్నాం, ఇది నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

డేటాబేస్‌లోంచి కావలసిన డేటా అడిగి తీసుకునే భాష ఎస్‌క్యూఎల్ అయితే సగం ఇంగ్లిష్ పాఠమే. 1974లో ఐబీఎమ్‌లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ దీనికి మొదట పెట్టిన పేరు సీక్వెల్, అందులో ఒక 'ఇ' ఇంగ్లిష్ అనే మాటకే. ఇప్పటికీ చాలామంది సీక్వెల్ అనే పలుకుతారు, క్యాప్షన్లలో అలా కనిపిస్తే కంగారు పడకండి. సెలెక్ట్, ఫ్రమ్, వేర్, ఆర్డర్ బై అని వరసగా చదివితే మామూలు వాక్యంలాగే ఉంటుంది. నేను ప్రతి క్వెరీని, అంటే అలా డేటా అడిగే వాక్యాన్ని, పైకి చదివి, అదే సంగతి మామూలు ఇంగ్లిష్‌లో ఇంకోసారి చెప్పేవాణ్ణి.

కొన్ని మాటల దగ్గర మాత్రం జాగ్రత్త. సేల్స్ 'డ్రాప్' అయ్యాయంటే తగ్గాయని, ఎస్‌క్యూఎల్‌లో టేబుల్‌ని 'డ్రాప్' చేస్తే టేబుల్ మొత్తం పోతుంది. 'సిగ్నిఫికెంట్' అంటే మామూలు మాటల్లో ముఖ్యమైనది, పెద్దది. స్టాటిస్టిక్స్‌లో అయితే ఆ తేడా కేవలం యాదృచ్ఛికంగా వచ్చిందనుకోవడం కష్టమని, తేడా చిన్నదైనా సరే. అడ్డువరస 'రో', శుభ్రం చేయని డేటా 'రా', మనవాళ్లు రెండింటినీ కలిపేస్తుంటారు. ఇంకొకటి, 'ఐ విల్ అనాలిసిస్ ద డేటా' అని నేను ఏడాది పాటు అన్నాను, ఎవరూ దిద్దలేదు. అనాలిసిస్ పని పేరు, చేసేటప్పుడు 'అనలైజ్'.

ఇక చూసే పద్ధతి. పది నిమిషాల వీడియో ఒకటి తీసుకోండి. మొదటిసారి ఆపకుండా చూడండి, అర్థం కాకపోయినా పర్లేదు. రెండోసారి ఇంగ్లిష్ క్యాప్షన్లు పెట్టి, వేగం 0.75కి తగ్గించి చూడండి, పదం కాదు, పదం ఉన్న మొత్తం వాక్యం రాసుకోండి, మూడు నాలుగు వాక్యాలు చాలు. తెలుగులోకి ఆటోమేటిక్‌గా మారే క్యాప్షన్లు వద్దు, నాకొకసారి టేబుల్ కాస్తా బల్ల అయి కనిపించింది. మూడోసారి సౌండ్ తీసేసి, తెరమీద జరిగేదాన్ని మీరే ఇంగ్లిష్‌లో చెప్పండి. ఇది సిగ్గుగా ఉంటుంది, హాస్టల్లో నేను టెర్రస్ మీదికి పోయేవాణ్ణి. కానీ నాకు మాట వచ్చింది ఇక్కడే. మొదట్లో విదేశీ యాస అందకపోతే ఎన్‌పీటీఈఎల్ పాఠాలతో మొదలుపెట్టండి, మన ఐఐటీల వాళ్లు చెప్పినవి, డబ్బు కట్టకుండా చూడొచ్చు.

వీడియోలో ఇచ్చే సేల్స్ డేటా మనకు సొంతం కాదు, అందుకే దాని గురించి చెప్పడానికి మాటలు ఊరవు. నేను మా అమ్మ పాలకేంద్రం పుస్తకం ఫొటోలు వాట్సాప్‌లో తెప్పించుకుని ఎక్సెల్‌లో ఎక్కించాను: తేదీ, లీటర్లు, ఫ్యాట్, రేటు. గేదె వట్టిపోయే ముందు పాలు తగ్గుతూ ఫ్యాట్ పెరుగుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. అది గ్రాఫ్‌లో రెండు గీతలై ఎదురెదురుగా నడవడం చూశాక 'నెగెటివ్ కోరిలేషన్' అనే మాట మళ్లీ మర్చిపోలేదు. తర్వాతి ఇంటర్వ్యూలో సొంత ప్రాజెక్ట్ అంటే ఇదే చెప్పాను, పది నిమిషాలు ఆగకుండా మాట్లాడాను.

రోజుకు అరగంట, ముప్పావుగంట పెట్టండి, ఎక్కువ వద్దు, అలసిపోతే మూడోసారి చూడటం ఎగ్గొడతారు. క్యాప్షన్లు లేకుండా చూడటానికి నాకు ఐదు నెలలు పట్టింది. మీరు చదివింది స్టాటిస్టిక్స్ కాబట్టి విషయం నాకంటే మీకే బాగా తెలుసు, మొదటి వీడియో మీడియన్ మీద ఏదైనా చూడండి, మధ్యగతం మీకు వచ్చిందే.